మోకాళ్ళు లేనివాడు

పొద్దున్న లేచిన దగ్గర్నుంచి లవెల్ ఆస్క్యూని పదకొండు ఊళ్ళకి పంపించేశారు. అతను మాత్రం బఫెలోలోనే, మిల్లర్స్ బాస్కెట్‌బాల్ జట్టు వైద్యగదిలో, బల్లమీద వెల్లకిలా పడి ఉన్నాడు. రెండు మోకాళ్ళ మీదా ఐసు సంచులు పెట్టి, వాటిమీంచి ఊరగాయ జాడీకి వాసెన కట్టినట్టు ప్లాస్టిక్ కాగితం చుట్టేసి, ఇప్పుడే వచ్చి విప్పుతానన్న ఫిజియో ఎటు పోయాడో పోయాడు, ఇవాళ అందరూ ఎటో అటు పోతున్నారు, ఫోన్లు చెవికి ఆనించుకుని గోడలతో మాట్లాడుకుంటూ, ఆ ఐసు కాస్తా కరగడం మానేసి అతని ఒంట్లో ఓ భాగమైపోయి, రేపో మాపో దానికీ ఓ చొక్కా, నంబరు ఇచ్చేలా ఉన్నారు. ఫోను గుండెలమీద పెట్టుకున్నాడు. అభిమానులు ఓ వెబ్‌సైట్‌లో ఊహించి రాసుకునే బేరాలు అందులోకి వస్తున్నాయి, అది వణికినప్పుడల్లా అతను ఇంకో ఊరు వెళ్తున్నాడు. డెన్వర్‌కి పంపినవాడు ఎవరో పళ్ళ డాక్టరు, ఫొటోలో చేతులకి తొడుగులున్నాయి, ఎవరి నోరో తెరిచిపెట్టి ఈ బేరం రాసుంటాడు. టాంపాకి పంపినవాడు తోడుగా ఇంకొకాయన్ని కూడా పంపాడు, ఆయన ఆట మానేసి చేపల చెరువు పెట్టుకుని రెండేళ్ళయింది, అయినా జీతాల లెక్క సరిపోయిందని వెబ్‌సైట్ పచ్చ టిక్కు పెట్టింది. ఒకడైతే లవెల్‌ని ఊరికే ఇచ్చేశాడు, బదులేమీ అడగలేదు, పైగా ‘రవాణా ఖర్చులు మావే’ అని రాశాడు, దానికి నాలుగు వేలమంది చప్పట్లు కొట్టారు. మూడింటికి తలుపు మూసేస్తారు. మూడు దాటితే ఈ ఏడాది ఆటలయ్యేదాకా ఏ జట్టూ ఎవర్నీ ఎవరికీ ఇవ్వడానికి లేదు. గోడ గడియారంలో రెండు దాటింది. బయట సరస్సు మీంచి మంచు కొడుతోంది. బఫెలోలో మంచు పడితే కారు ఎక్కడుందో తెలియడానికి దానికి ఎర్ర రిబ్బను కడతారు, రిబ్బను ఎక్కడుందో తెలియడానికి పక్కన పొడుగాటి కర్ర పాతుతారు, కర్ర ఎక్కడుందో ఏప్రిల్లో తెలుస్తుంది.

తలుపు సందులోంచి కోర్ట్‌లాండ్ హైన్స్ దూరాడు. ముప్ఫై అయిదేళ్ళవాడు, జట్టులో అందరికన్నా పెద్ద, ఏడుసార్లు చేతులు మారినవాడు. ఎన్ని ఊళ్ళు తిరిగాడంటే ఇంటికి ఫోన్ చేసి “నేనిప్పుడు ఎక్కడున్నాను?” అని పెళ్ళాన్నే అడుగుతాడు. చేతిలో కోడిరెక్కల డబ్బా ఉంది.

“తమ్ముడూ, ఉన్నావా?”

“నడుం దాకా ఉన్నానన్నా. కింద సంగతి తెలీదు.”

“విను. మేడమీద మేనేజరు హాల్వర్సన్ శాన్ డియేగో వాళ్ళతో లైన్లో ఉన్నాడు. వాళ్ళ ముసలి సెంటరు కావాలంట మనకి, బుట్టకింద ఆడే మనవాడి పాదం విరిగింది కదా. బదులుగా రెండు ముందు పెట్టాడు. ఒకటి నువ్వు. రెండోది మన 2031 రెండో రౌండ్ పిక్. ఏది కావాలో మీరే తీసుకోండి, మాకు రెండూ ఒకటే అన్నాడంట.”

“రెండూ ఒకటేనా?”

“విన్నమాట చెప్తున్నా. నన్నలా చూడకు, రెక్క తిను.” కోర్ట్ తనే ఇంకోటి నోట్లో పెట్టుకున్నాడు. “పాలు కొన్లేదు కదా? గడువు వారంలో పాలు కొనకూడదురా. కొన్నవాణ్ణి కొన్నట్టే పంపేస్తారు. ఏడు ఊళ్ళలో ఏడు ఫ్రిజ్జుల్లో నా పాలు పెరుగైపోయాయి.”

“మూడు డబ్బాలు కొన్నా.”

“పిచ్చెక్కిందా?”

“పంపేయాలనే కొన్నానన్నా.”

కోర్ట్ పెద్దగా నవ్వాడు, సగంలో ఆపేశాడు, ఎముక డబ్బాలో వేసి, వెళ్తూ వెళ్తూ లవెల్ ఐసు మోకాలిమీద రెండుసార్లు తట్టాడు, ఆ తట్టడం లవెల్‌కి తెలియలేదు, చూశాడంతే.

మూడు డబ్బాల పాలు, తాగేవాడు ఒక్కడు, అదీ పాలు పడనివాడు. కానీ ఏం చేస్తాడు, అక్టోబరులోనే హాల్వర్సన్ అతన్ని మేడమీదకి పిలిచి, మెత్తటి కుర్చీలో కూచోబెట్టి, నీ మీద మాకు ఎంతో నమ్మకం ఉంది, అందుకే నీకు స్వేచ్ఛ ఇస్తున్నాం అన్నాడు. స్వేచ్ఛ అంటే వచ్చే ఏడాది మాకు నువ్వు వద్దు అని, ఆ మాట అర్థం కావడానికి లవెల్‌కి లిఫ్టులో కిందికి వచ్చేదాకా పట్టింది. జూన్ దాకా జీతం, జూన్ తర్వాత రోడ్డు. ఈలోగా ఎవరైనా చూడాలంటే ఆడాలి, ఆడాలంటే ఆడించాలి, ఇక్కడ అతను బెంచీ చివర కూచుని కూచుని ఆ బెంచీ చెక్క అతని ఆకారంలోకి తిరిగింది, అతను లేచినా అక్కడ ఎవరో కూచున్నట్టే ఉంటుంది. శాన్ డియేగో వాళ్ళయితే రోజూ ఓడిపోతున్నారు, ఓడిపోవడానికే కుర్రాళ్ళని దింపుతున్నారు, అక్కడ రెండు నెలలు రోజూ ఆడనిస్తే, మోకాళ్ళు ఒప్పుకుంటే, ఎవరో ఒకరి కంట పడకపోతాడా. పడకపోతే ఇరవై రెండేళ్ళకి మాజీ. పైన్ బ్లఫ్‌లో, వాళ్ళ ఊళ్ళో, పెట్రోలు బంకులో గెయిన్స్ గారని ఒకాయన ఉండేవాడు, ఆరడుగుల తొమ్మిదంగుళాలు, ఒకప్పుడు ఆడేవాడంట, ఎక్కడ ఆడాడో ఎవరికీ గుర్తులేదు, ఆయనకి కూడా సరిగ్గా గుర్తులేదు. ఆట పోయింది, డబ్బు పోయింది, ఎత్తు ఒక్కటే మిగిలింది. చర్చిలో బల్బు మాడిపోతే నిచ్చెన ఎందుకు, గెయిన్స్ గారున్నారుగా అని కబురు పెట్టేవాళ్ళు. ఆయన వచ్చి, చెయ్యెత్తి, బల్బు తిప్పి, అందరూ థాంక్యూ అంటే ఆ ఎత్తిన చెయ్యి కాసేపు అలాగే ఉంచేవాడు. లవెల్ అప్పుడు నవ్వేవాడు. ఇప్పుడు ఎక్కడ బల్బు ఆరి వెలిగినా చేతులు జేబుల్లో పెట్టుకుంటాడు.

పిక్ అంటే ఏంటో అమ్మకి చెప్పడానికి అతనికి మూడేళ్ళు సరిపోలేదు. అమ్మా, ప్రతి జూన్లో జట్లన్నీ వరసలో నిలబడి, కాలేజీలనుంచి వచ్చిన కుర్రాళ్ళని ఒక్కొక్కళ్ళని ఏరుకుంటాయి, ఆ వరసలో వంతు ఉంది చూశావా, దాన్నే పిక్ అంటారు, నన్ను తొమ్మిదో వంతులో ఏరుకున్నారు. సరే. ఆ వంతుని అమ్ముకోవచ్చు. సరే. రాబోయే ఏళ్ళ వంతుల్ని కూడా ఇప్పుడే అమ్ముకోవచ్చు. అక్కడికొచ్చేసరికి అమ్మ, రొషెల్, చేతిలో పని ఆపేసి, ఇంకా రాని పిల్లల్నా, ఎవరి పిల్లలు వాళ్ళు, అని అడిగేది. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఉంటుంది ఈ వ్యవహారం, కాకపోతే ఇక్కడ సోమలింగానికి పేరు కూడా ఉండదు, సంవత్సరమే ఉంటుంది. అందులో మొదటి రౌండ్ పిక్ అంటే అసలు. రెండో రౌండ్ పిక్ అంటే కొసరు, కూరగాయలు కొన్నాక గుప్పెడు పచ్చిమిరపకాయలు వేస్తారే అది, ఆ రౌండ్లో ఏరుకునేసరికి చూసేవాళ్ళు లేచి చెప్పులు వేసుకుంటూ ఉంటారు, పిలిచిన పేరుకి ఎక్కడో పైవరసలో ఒక్క కుటుంబం మాత్రం లేచి గంతులేస్తుంది. తొమ్మిదోవాడు ఒక పక్క, కొసరు ఒక పక్క. రొషెల్ ఇవేవీ వినదు, ఆమెకి ఒక్కటే మాట తెలుసు, ఇచ్చేయడం. ఆరేళ్ళప్పుడు ఇంట్లో పిల్లలెక్కువయ్యారని వాళ్ళమ్మ తనని లిటిల్ రాక్‌లో ఉన్న మేనత్తకి ఇచ్చేసింది, గోధుమరంగు సంచీ, అందులో రెండు గౌన్లు, మేనత్త మంచిదే, అన్నం పెట్టింది, చదివించింది, అయినా పెద్దయ్యాక రొషెల్ స్కూలు బస్సు నడుపుతూ ఏ పిల్లాడైనా సంచీ పట్టుకుని గేటు దగ్గర ఒంటరిగా నిలబడితే, వాడు తన బస్సు కాకపోయినా ఎక్కించేసుకుంటుంది, దానికి రెండుసార్లు తాఖీదు కూడా వచ్చింది. పొద్దున్న ఆమె పంపిన మెసేజిలో ఒకే మాట ఉంది. ఇచ్చేశారా?

మూలనున్న టీవీలో నారింజరంగు టై ఆయన త్రాసు తెప్పించాడు. బొమ్మ త్రాసే. ఒక పళ్ళెంలో లవెల్ ఫొటో, చేరిన రోజున తీసింది, సరిగ్గా తుమ్మబోతుండగా తీశారు, దేశానికి అతని మొహం అదే. రెండో పళ్ళెంలో బూడిదరంగు నీడ, మొహం ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం, కింద 2031, భుజాలు మాత్రం బ్రహ్మాండంగా గీశారు, అంత భుజాలు లవెల్‌కి ఎప్పుడూ లేవు. ఆస్క్యూ ఏం చేయగలడో మూడేళ్ళు చూశాం కదండీ, అంటున్నాడు టై ఆయన, వీడేం చేయగలడో ఇంకా చూడలేదు కదా, అదే కదా అందం. పక్కనున్నావిడ తలూపింది. నిజమే మరి. ఆ నీడ ఇంతవరకూ ఒక్క బంతి తప్పుగా వెయ్యలేదు. ఒక్కరోజు ఆలస్యంగా రాలేదు. ఏ కోచ్‌కీ ఎదురు చెప్పలేదు. వాడికి మోకాళ్ళే లేవు, నొప్పెక్కణ్ణుంచి వస్తుంది. 2031లో పంతొమ్మిదేళ్ళుంటాయంటే ఇప్పుడు వాడికి పద్నాలుగు, పళ్ళకి తీగలుంటాయి, గొంతు విరుగుతూ ఉంటుంది, ఈ నిమిషంలో ఎక్కడో ఏ ఒహాయోలోనో లెక్కల క్లాసులో కూచుని పెన్సిల్ కొరుకుతుంటాడు, ఎనిమిదేళ్లు గొడ్డులా కష్టపడి పెంచుకున్న లవెల్ ఆస్క్యూ అనేవాణ్ణి ఓడిస్తున్నానని వాడికి తెలియదు, తెలిస్తే లెక్కల క్లాసు ఎగ్గొట్టేవాడు. లేదా వాడసలు బాస్కెట్‌బాలే ఆడడేమో, ట్రంపెట్ ఊదుకుంటాడేమో, పరవాలేదు, ట్రంపెట్ ఊదినా తూకం వాడి వైపే.

అసలు కోపం రావాలి, రాదు, ఎందుకంటే ఒకప్పుడు ఆ నీడ తనే. అయిదేళ్ళ కిందట కోర్ట్‌ని ఇదే జట్టు ఇచ్చేసింది, అప్పుడు కోర్ట్ మంచి ఊపుమీదున్నాడు, ఊళ్ళో సగంమంది పిల్లలకి అతని పేరే, అయినా ఇచ్చేసి ఒక మొదటి రౌండ్ పిక్ తెచ్చుకున్నారు, ఆ పిక్కే రెండేళ్ళ తర్వాత లవెల్ అయింది. ఆ రెండేళ్ళూ బఫెలో ఆ పిక్‌ని ప్రేమించినట్టు ఎవర్నీ ప్రేమించలేదు. ‘మన పిక్’ అని చొక్కాలు అచ్చేశారు. బార్లలో ఎవడైనా ఏడుస్తుంటే పక్కవాడు భుజం తట్టి, మన పిక్ ఉందిగా, అనేవాడంట. ఒకాయన విడాకుల కోర్టులో కూడా అదే అన్నాడని కోర్ట్ చెప్తాడు, జడ్జి గారు కళ్ళు తుడుచుకున్నారని కూడా చెప్తాడు. పేరు లేనన్నాళ్ళూ అతను దేవుడు. జూన్ రాత్రి టోపీ పెట్టి, చెయ్యి కలిపి, లవెల్ ఆస్క్యూ, పైన్ బ్లఫ్, అని మైకులో చెప్పిన క్షణాన్నుంచే తగ్గడం మొదలైంది. మొదట ఓ పేరు, తర్వాత ఓ ఎడమ మోకాలు, తర్వాత మూడు వేస్తే ఒకటి కూడా సరిగ్గా పడని గురి, తర్వాత కుడి మోకాలు. కోర్ట్ మాత్రం తిరిగి తిరిగి చవగ్గా మళ్ళీ ఇక్కడికే వచ్చి చేరి, మొదటి రోజున లాకర్ దగ్గర అతన్ని ఎగాదిగా చూసి, “నన్నిచ్చి కొన్నది నిన్నేనా? మోసపోయార్రా వీళ్ళు” అన్నాడు, అని పక్కనే కూచుని లేసులు ఎలా కట్టుకోవాలో చూపించాడు. కోర్ట్‌ని ఇచ్చి లవెల్, లవెల్‌ని ఇచ్చి సెంటరు, సెంటరుకి ఆట ఉడిగితే ఇంకో పిక్, ఆ పిక్‌కి పేరు పెట్టగానే వాణ్ణిచ్చి ఇంకోటి. ఎప్పుడూ రేపే బావుంటుంది. ఆడేది మాత్రం ఇవాళ.

తను మాత్రం తక్కువ తిన్నాడా. పద్నాలుగేళ్ళప్పుడు, సరిగ్గా పద్నాలుగే, పైన్ బ్లఫ్ లైబ్రరీలో కంప్యూటర్ ముందు కూచుని, పిల్లల పుస్తకాల మూల, అమ్మ బస్సు దింపి వచ్చేదాకా, జనాల్ని ఊళ్ళు మార్చేవాడు. పెళ్ళయినవాళ్ళని, కవలలు పుట్టినవాళ్ళని, కొత్తగా ఇల్లు కొనుక్కుని గుమ్మానికి రంగు వేయించుకుంటున్నవాళ్ళని. క్లిక్, క్లిక్, పచ్చ టిక్కు. ముసలాళ్ళని ఇచ్చెయ్, కుర్రాళ్ళని తెచ్చుకో, కుర్రాళ్ళని ఇచ్చెయ్, పిక్స్ తెచ్చుకో, ఒక మధ్యాహ్నం అతను ఓ జట్టు మొత్తాన్నీ ఇచ్చేసి పిక్స్ మాత్రమే మిగుల్చుకున్నాడు, ఆటగాడనేవాడు ఒక్కడు లేడు, అప్పుడు అది ప్రపంచంలోకెల్లా గొప్ప జట్టులా కనిపించింది. నిరుడు చలికాలంలో నిద్రపట్టక అదే వెబ్‌సైట్ తెరిచి తన పేరే కొట్టాడు. తనని తను శాన్ డియేగోకి పంపుకున్నాడు. టిక్కు పడింది, కింద మార్కులేశారు, బఫెలోకి ‘ఏ’ గ్రేడు, శాన్ డియేగోకి ‘డీ’.

ఫోను వణికింది. ఈసారి పళ్ళ డాక్టరు కాదు. విలేకరుల్లో ఒకాయన ఉన్నాడు, పేరు ఎవరూ పలకరు, ‘ఆయన’ అంటారు, పెళ్ళాలకన్నా ముందు, ఏజెంట్లకన్నా ముందు, ఒక్కోసారి మేనేజర్లు మనసులో అనుకోకముందే ఆయనకి తెలిసిపోతుంది. ఆయన రాశాడు. ‘బఫెలో ఆస్క్యూని శాన్ డియేగోకి పంపుతోంది. వివరాలు కాసేపట్లో.’ లవెల్ ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివాడంటే అక్షరాలు అరిగాయి. త్రాసు అతని వైపు దిగింది. తుమ్మబోతున్న మొహం గెలిచింది. అమ్మకి శాన్ డియేగో అని కొట్టాడు. వెంటనే జవాబొచ్చింది, సముద్రంలో మరీ లోపలికి వెళ్ళకు.

ఇక కౌగిళ్ళు మొదలయ్యాయి. పోయేవాడికి కౌగిలివ్వడం ఆటలో ఆచారం, ఎవడు ఎవణ్ణి కౌగిలించుకున్నాడో కెమెరాలో చూసి బయటివాళ్ళు బేరం కుదిరిందని పసిగడతారు కూడా. కాకపోతే లవెల్ బల్లమీద కాళ్ళు కట్టేసి పడి ఉన్నాడు, లేవలేడు, అందుకని ఒక్కొక్కళ్ళే వచ్చి వంగి, మొహంలోకి చూసి, ఛాతీమీద తల ఆనించి, పక్కకి తప్పుకుంటున్నారు, అచ్చం కడసారి చూపుకి వచ్చినట్టే, ఒకడైతే టోపీ కూడా తీశాడు. నవంబరునుంచి మాట్లాడనివాడు నువ్వు నా ప్రాణంరా అన్నాడు. ఇంకొకడు నీళ్ళు నిండిన కళ్ళతో అతని పార్కింగ్ చోటు అడిగాడు, లిఫ్టుకి దగ్గర కదా. ఇచ్చేశాడు. చివర్న సామాన్లు చూసే బెర్నీ గుమ్మంలో కనిపించాడు, ఒక చేతిలో నల్ల చెత్తసంచీ, ఒక చేతిలో స్క్రూడ్రైవరు. పోయేవాడి బూట్లు చెత్తసంచీలో కట్టివ్వడం ఇక్కడ మర్యాద.

“లాకర్‌మీది పేరు పలక విప్పేశాను బాబూ. తీసుకెళ్తావా, పారెయ్యనా?”

“ఉంచు బెర్నీ. అమ్మకిస్తా.”

“బూట్లు పద్నాలుగు జతలున్నాయి. అన్నీ కొత్తవే, వేసుకోలేదేం?”

“ఆడనిస్తే కదా.”

బెర్నీ అయ్యో అనలేదు, మంచివాడు, సంచీ మూతి కట్టి బల్ల పక్కన పెట్టి వెళ్ళాడు.

ఆ తర్వాత గది ఖాళీ అయింది, ఆ ఖాళీలో లవెల్ శాన్ డియేగో వెళ్ళిపోయాడు. ఎండ. చెప్పుల్లేకుండా నడిచాడు. మొదటి ఆటలో పద్దెనిమిది వేశాడు, రెండోదాంట్లో ముప్ఫై, మోకాళ్ళు ఉన్నాయన్న సంగతే మర్చిపోయాడు, జూన్లో పెద్ద పెద్ద కోట్లు వేసుకున్నవాళ్ళు వచ్చి కాళ్ళావేళ్ళా పడ్డారు, సోఫా కొన్నాడు, ఇంతవరకూ సోఫా కొనలేదు, నెలనెలా అద్దె ఇంట్లో పరుపు నేలమీదే, ఇప్పుడు పదిమంది కూచునే సోఫా కొన్నాడు. అమ్మ అక్కడికొచ్చి సముద్రం పక్కన బస్సు నడుపుతోంది, పిల్లలందరికీ నల్లకళ్ళద్దాలు. ఊరి మధ్య అతని విగ్రహం పెట్టారు, తుమ్మబోతున్నట్టే పెట్టారు, ఫరవాలేదు. తొంభై ఏళ్ళకి నిద్రలో పోయాడు, చుట్టూ మనవలు. ఇదంతా అయ్యేసరికి గోడమీద పెద్ద ముల్లు పన్నెండు దగ్గరికి వచ్చింది. ఎవరూ రాలేదు. పిలవాలి కదా, కాగితాలమీద సంతకాలు, విమానం టికెట్టు, ఇవేవీ లేవు. టీవీలో టై ఆయన చెవిలో ఏదో వింటూ చెయ్యెత్తాడు. ఆగండి, ఆగండి, అన్నాడు. ముల్లు పన్నెండు దాటింది.

హాల్వర్సన్ తనే కిందికొచ్చాడు. మామూలుగా రాడు. మొహం వెలిగిపోతోంది.

“లవెల్! నువ్వెక్కడికీ వెళ్ళట్లేదోయ్. మాతోనే ఉంటున్నావు!”

“మరి ఆ సెంటరు?”

“రాత్రికి దిగుతాడు.”

లవెల్ కప్పుకేసి చూశాడు. “అయితే పిక్ తీసుకున్నారు.”

“తీసుకున్నారు. నీ గురించి మాత్రం ఎంత గొప్పగా మాట్లాడారో! నువ్వంటే వాళ్ళకి చచ్చేంత ఇష్టం. నిజం.”

“ఇష్టమైతే నన్నే తీసుకోవచ్చుగా సార్.”

“జాగా లేదయ్యా వాళ్ళకి, సెంటరు ఖాళీ చేసిన చోట అప్పుడే ఇంకో కుర్రాణ్ణి పెట్టుకున్నారు. పదిహేనుమందే ఉండాలి. నిన్ను పెట్టుకోవాలంటే ఒకణ్ణి తీసెయ్యాలి. పిక్ అనుకో, జాగా పట్టదు, లాకర్ అక్కర్లేదు, జీతం అడగదు...” హాల్వర్సన్ కళ్ళు ప్లాస్టిక్ చుట్టిన ఐసుమీద పడ్డాయి, ఏదో సరదాగా అనాలనిపించి అనేశాడు. “మోకాళ్ళు కూడా ఉండవు.” ఒక్కడే నవ్వి, నవ్వు సర్దుకుని, “సాయంత్రం ఆటకి సిద్ధంగా ఉండు” అన్నాడు.

“ఆడిస్తారా?”

“సిద్ధంగా ఉండవోయ్,” అని భుజం నొక్కి, ఫోను మోగితే చెవికి పెట్టుకుని, గోడతో మాట్లాడుకుంటూ వెళ్ళిపోయాడు.

వద్దనుకున్నవాళ్ళు ఇవ్వబోతే, కావాలనుకోవాల్సినవాళ్ళు వద్దన్నారు. ఒకసారి కాదు, రెండుసార్లు చెడ్డాడు, అదీ ఒకే మధ్యాహ్నం, అదీ కొసరుతో పోటీపడి. ఇస్తే బావుండేది, ఇవ్వకపోయినా బావుండేది, ఇవ్వజూపితే ఎవరూ పుచ్చుకోకపోవడం అనేది ఒకటుంటుందని అతను ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు, ఏ పళ్ళ డాక్టరూ దాన్ని రాయలేదు. నడవాలో అడుగుల చప్పుడు, తలుపుదాకా వచ్చి ఆగి, వెనక్కి తిరుగుతున్నాయి. పాపం వాళ్ళు మాత్రం ఏం చేస్తారు, ఇచ్చిన కౌగిలి వెనక్కి పుచ్చుకునే పద్ధతి ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. అవతల లాకర్ల గదిలో బెర్నీ పలక మళ్ళీ బిగిస్తున్నాడు, స్క్రూ తిరుగుతున్న కిర్రు కిర్రు ఇక్కడికి వినిపిస్తోంది, ఎవరికీ వినపడకూడదనుకుంటున్నట్టు అంత మెల్లగా తిప్పుతున్నాడు. లవెల్ లేచి కూచున్నాడు. ఫిజియో ఇక రాడు. గోటితో ప్లాస్టిక్ చించుకుని, పొరలు పొరలుగా విప్పి, సంచులు తీసి పక్కన పెట్టాడు. లోపల మోకాళ్ళు ఎర్రగా, ముడతలు పడి, ఇప్పుడే పుట్టినట్టున్నాయి. వంచితే కుడిదాంట్లో చిన్న చప్పుడైంది, ఎప్పుడూ అయ్యేదే.

ఫోను మోగింది. రొషెల్. మధ్యాహ్నం బస్సు తియ్యబోయే ముందు ఆమెకి అయిదు నిమిషాలుంటాయి, వెనక ఇంజను గుడగుడ.

“ఏంట్రా నాన్నా, రేడియోలో వేరేలా చెప్తున్నారు?”

“అవునమ్మా. వెళ్ళట్లేదు.”

“వెళ్ళట్లేదా?” ఇంజను ఆపేసింది. “అంటే ఇచ్చెయ్యలేదా నిన్ను?”

“లేదు.”

“యేసయ్యా!” మాటలు ఒక్కసారిగా వచ్చాయి. “నే చెప్పలా? పొద్దున్నించీ మోకాళ్ళమీదే ఉన్నానురా నేను. నిన్నెలా ఇస్తారు వాళ్ళు! చేతులు రాలేదు. చూశావా, చివరిదాకా వచ్చి చేతులు రాలేదు వాళ్ళకి.”

అతను నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి రావలసిందంతా వరసలో నిలబడింది, వద్దన్నారమ్మా, ఇద్దరూ వద్దన్నారు, జూన్ తర్వాత ఏం లేదు, కానీ అటునుంచి ఆమె ముక్కు ఎగబీల్చడం వినిపించింది, నవ్వుతూ ఏడుస్తోంది, అదంతా అలాగే వరసలోనే నిలబడిపోయింది.

“అవునమ్మా,” అన్నాడు.

“మరి అటునుంచి వస్తున్నాడంటున్న ఆ ముసలి ఆటగాడు ఊరికే రాడుగా. నీ బదులు ఎవర్నిచ్చారు?”

పిక్ అంటే ఏంటో మళ్ళీ మొదట్నించీ చెప్పే ఓపిక లేదు, ఆమెకీ టైము లేదు. “ఒకడున్నాడులే అమ్మా. చిన్నవాడు.”

“ఎంతుంటాయి?”

“పద్నాలుగు.” అనేశాక తెలిసింది అన్నానని.

“పద్నాలుగేళ్ళే!” రొషెల్ గొంతు మారిపోయింది. “పద్నాలుగేళ్ళ పిల్లాణ్ణి ఇచ్చేశారా? ఏం ఆటరా మీది! తల్లి ఉందా వాడికి?”

“ఉంటుందమ్మా. ఎక్కడో.”

“ఎలా ఉందో ఆవిడ. ఇవాళ ముద్ద దిగదు పాపం.” బస్సు బయట పిల్లల గోల మొదలైంది, ఎవరో తలుపుమీద కొడుతున్నారు. “ఆవిడ నంబరు దొరుకుతుందేమో కనుక్కో. సాయంత్రం ఓ మాట మాట్లాడతా.”

“ఆవిడకింకా తెలీదమ్మా.”

“చెప్పలేదా?”

“ఇంకా లేదు.”

రొషెల్ ఇంజను మళ్ళీ తిప్పింది.

“అయితే చెప్పొద్దను వాళ్ళని. తెలిసేదాకా అయినా కడుపునిండా తిననీ,” అని ఫోను పెట్టేసి, పిల్లల కోసం తలుపు తీసింది.